నేను నడిపిన కొండ రైలు



మన పోచంపల్లిలో రైలు స్టేషను లేదు. రైలు చూడాలంటే బీబీనగర్ పోవాలి. అలాంటిది పోయిన ఆదివారం నేను మన కంప్యూటర్ గదిలో రైలు నడిపాను. ఆటే గాని నిజం ఇంజను లెక్కనే ఉంటది. కొండ మీద గని ఉంటుంది. ఖాళీ బండితో ఎక్కి, ఖనిజం నింపుకొని దిగాలి. లోయలు, సొరంగాలు, పొగమంచు. చూడటానికి రెండు కళ్లు చాలలేదు.

ఎక్కుడే కష్టం, దిగుడు సులువు అనుకున్నాను. కాని ఖాళీ బండి బుద్ధిగా ఎక్కింది. నిండు బండి మాత్రం దిగేటప్పుడు నా మాట వినలేదు. భయంతో బ్రేకు వేసుడు, వదులుడు, మళ్లీ వేసుడు చేసిన. అట్ల చేస్తే గాలి తగ్గిపోయి బ్రేకు సరిగా పట్టదట. మూడో మలుపులో బండి పట్టాలు తప్పింది. వెనుక నిలబడ్డోళ్లంతా ఒకటే నవ్వుడు. మీలో కొందరు ఇప్పటికీ నన్ను "డ్రైవరు సారూ" అని ఎక్కిరిస్తుండ్రు.

సోషల్ సారు నవ్వలేదు. పటం తెచ్చి, ఇలాంటి లైను మన దేశంలోనూ ఉందని చూపించారు. అది కొత్తవలస–కిరండూల్ లైను. పొడవు సుమారు 445 కిలోమీటర్లు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960లలో వేశారు. 58 సొరంగాలున్నాయి. అరకు దగ్గర శిమిలిగుడ స్టేషను సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి నిండు బండ్లు రోజూ దిగుతాయి. నడిపేవాళ్లు ఎంత ధైర్యవంతులో!

ఫోనులో ఇదంతా మా యాడికి చెప్పిన. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది: "నిండు బండి కిందికి పోతది, ఖాళీ బండి పైకొస్తది. మరి ఆ కొండోళ్లకు ఏం తెస్తది బిడ్డా?"

నాకు నోట మాట రాలేదు. ఆటలో స్టేషన్లున్నయి, చెట్లున్నయి. గూడెం ఒక్కటీ లేదు. మనుషులున్నట్టు నాకు తోచనే లేదు.

మళ్లీ సారునే అడిగాను. ఆ లైనులో ప్రయాణికుల రైలు కూడా నడుస్తుందని చెప్పారు. ఇంకో మాట చెప్పారు. అదే దారిలో బొర్రా గుహలున్నాయి. ఆ చుట్టుపక్కల గనుల లీజుల మీద గిరిజనుల తరఫున సమత అనే సంస్థ కోర్టుకు పోయింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమినైనా సరే, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వొద్దని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. మన తండాల్లో, గూడేల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు?

నేను పెద్దయ్యాక రైలు నడపాలని ఇప్పటికీ ఉంది. కాని యాడి అడిగినదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మీకు తెలిస్తే వచ్చే నెల ఈ గోడ మీదనే రాయండి. అప్పటిదాకా నేను బ్రేకు నేర్చుకుంటాను.

– 9వ తరగతి