సంరక్షకులు

పిల్లలతో అబద్ధాలాడాలని ఏ తల్లిదండ్రులూ అనుకోరు, ఏ అధ్యాపకుడూ అనుకోడు. అయినా మనం వాళ్ళతో ఆడే అబద్ధాలకు లెక్కలేదు. బూచివాడి పేరు చెప్పి అన్నం తినిపించే తల్లిని తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. నా పేచీ అంతా ఒక్క పెద్ద అబద్ధంతో. పిల్లవాడి భవిష్యత్తును మనమే ముందుగా నిర్ణయిస్తాం. ఆ నిర్ణయం వాడి కోరికేనని చివరికి వాడిచేతనే అనిపిస్తాం. మన ప్రాంతంలో దీన్నే క్రమశిక్షణ అనీ, ప్రేమ అనీ పిలుస్తున్నారు.

దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. (అప్పుడది కడప జిల్లా, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇందులో చేరి 2022 దాకా ఉంది.) ఆయన తత్త్వాన్ని నేను ఒప్పుకోను. మనిషి లోపల మారితే లోకం దానంతటదే మారుతుందనే మాట కూలిరేటు కోసం కొట్లాడేవాడికి ఎంత పనికొస్తుంది? గాని ఆయన బాల్యం గురించి మాత్రం పిల్లలకు పాఠం చెప్పే ప్రతివాడూ తెలుసుకోవాలి.

తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైనవాడు. తల్లి అప్పటికే చనిపోయింది. 1909లో దివ్యజ్ఞాన సమాజంలో చిన్న కొలువు దొరికి, ఆయన పిల్లలతో అడయారు చేరాడు. బళ్ళో అయ్యవారి దృష్టిలో కృష్ణమూర్తి ఉత్త మొద్దు. దెబ్బలు తప్పేవి కావు. ఆ ఏడే లెడ్‌బీటర్ అనే దొర అతన్ని సముద్రపు ఒడ్డున చూసి, రాబోయే జగద్గురువు ఇతడేనన్నాడు. మొద్దు అన్నవాడూ, జగద్గురువు అన్నవాడూ ఇద్దరూ చేసింది ఒకటే పని: పిల్లవాణ్ణి అడక్కుండా వాడెవరో తేల్చేశారు. 1910లో తండ్రి సంతకం పెట్టి ఇద్దరు కొడుకుల సంరక్షణ అనీబిసెంటుకు అప్పగించాడు. తరువాత మనసు విరిగి, 1912లో దావా వేశాడు. మద్రాసు హైకోర్టులో గెలిచాడు. 1914లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది.

సామ్రాజ్యపు న్యాయస్థానాల మీద నాకు భక్తి ఏమీ లేదు. అయినా ప్రీవీ కౌన్సిల్ చూపిన లోపాలలో ఒకటి గమనించదగ్గది. ఎవరి గురించి ఇంత తగాదా జరిగిందో ఆ పిల్లల్ని కేసులో పక్షంగా చేర్చనేలేదు; వాళ్ళ ఇష్టమేమిటో కనుక్కోలేదు. న్యాయమైన మాటే. కాని అందులోనూ ఒక చిక్కుంది. అయిదేళ్ళుగా ఒకరి చేతుల్లో పెరుగుతున్న పిల్లవాణ్ణి నీకేం కావాలని అడిగితే ఆ చేతులకు నచ్చే జవాబే వస్తుంది. కృష్ణమూర్తి తన సొంత జవాబు చెప్పటానికి 1929 దాకా పట్టింది. ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, అనీబిసెంటు సమక్షంలోనే, తనకోసం పుట్టించిన సంఘాన్ని తానే రద్దు చేశాడు. అప్పటికి ఆయనకు 34 ఏళ్ళు.

మనవాళ్ళు ఇప్పుడు జగద్గురువుల్ని తయారుచెయ్యటం లేదు, ఇంజనీర్లను చేస్తున్నారు. ఆరో తరగతిలోనే హాస్టల్లో పడేసి, "మావాడికే ఇష్టం సార్" అంటారు. పక్కన నిలబడ్డ పిల్లవాడు తల ఊపుతాడు. నేను తెలుగు పంతుల్ని గనక ఈ తల ఊపటం నాకు మరోవిధంగా పరిచయం. నేను ఇంటర్ చదివే రోజుల్లోనే, ఇంట్లో తెలుగు తప్ప మరో భాష వినని పిల్లలు మూకుమ్మడిగా రెండో భాషగా సంస్కృతం తీసుకునేవాళ్ళు. కాళిదాసు మీద మోజుతో కాదు, మార్కులు తేలిగ్గా రాలతాయని. ఈ సంగతి యాజమాన్యానికి తెలుసు, తల్లిదండ్రులకు తెలుసు, పిల్లలకూ తెలుసు. పదహారేళ్ళవాడు మన దగ్గర నేర్చుకున్న మొదటి నీతి ఇదయితే, రేపు వాడి నిజాయితీ గురించి మనం ఉపన్యాసాలివ్వటం దండగ.

మరి భయంలేని చదువు మన దగ్గర లేదా? ఉంది. హార్స్‌లీ కొండల దాపున కృష్ణమూర్తి పేరుతో పేరుపొందిన రిషివ్యాలీ ఉంది. అయితే అది ఫీజు కట్టగల కుటుంబాల రెసిడెన్షియల్ బడి. దానికన్నా, ఆ సంస్థవాళ్ళే 1980ల చివరినుంచి చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడులే నాకు గొప్పగా కనిపిస్తాయి. అక్కడ వేర్వేరు తరగతుల పిల్లలు ఒకేచోట కూర్చుంటారు. ఎవరి కార్డు వారు తీసుకుని, తమకు చేతనైన వేగంతో, నిచ్చెన ఎక్కినట్టు ఒక్కొక్క మెట్టే నేర్చుకుంటారు. మొద్దు అనే మాటకు అక్కడ పని తక్కువ. 2003 తరువాత చెన్నై కార్పొరేషన్ బడులు ఆ పద్ధతినే తీసుకున్నాయి. కూలివాళ్ళ పిల్లలకూ ఇది సాధ్యమేనని తేలింది గనక, మిగతాచోట్ల ఎందుకు లేదని ప్రభుత్వాన్ని అడిగే హక్కు మనకుంది.

తల్లిదండ్రుల భయం వట్టి మూర్ఖత్వమని మాత్రం నేను అనను. ఆ భయానికి ఒక ధర ఉంది. 2025 వేసవిలో తోతాపురి మామిడికి కిలో 12 రూపాయలు, అంటే ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4, అని నిర్ణయించారు. ఆ 8 కూడా దక్కటం లేదని చిత్తూరు రైతులు మొత్తుకున్నారు. అలాంటి తోట రెండెకరాలున్న రైతుతో "మీ బిడ్డను స్వేచ్ఛగా వికసించనివ్వండి" అనటం కడుపునిండినవాడి నిజాయితీ.

ఆ ఏడే మా కాలేజీకి అలాంటి రైతు ఒకాయన బిడ్డతో వచ్చాడు. డిగ్రీ చివరి సంవత్సరం అమ్మాయి; ఎం.ఏ. తెలుగు చదువుతానంటున్నది. ఆయనకు అది నచ్చలేదు. "మీరే చెప్పండి సార్. నా మాట వినేల్యా. మీరేమంటే అదే చేస్తాది. మీకు అప్పజెప్తా ఉండా" అన్నాడు. నారాయణయ్య సంతకం పెట్టింది కూడా ఇలాంటి నమ్మకంతోనే అయి ఉంటుంది.

ఆ సంతకం నాకు అక్కర్లేదు. అమ్మాయినీ కూర్చోమని, ఇద్దరి ఎదుటా నా సంగతి చెప్పాను. నాది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటేటా పొడిగింపు కోసం ఎదురుచూపు. జీతమెంతో అంకెతో సహా చెప్పాను. తెలుగు పోస్టులు అరుదుగా పడతాయన్నాను. అయినా ఈ చదువు వల్ల నాకు ఏం దక్కిందో అదీ చెప్పాను. సగం నిజం చెప్పి బెదరగొట్టటం కూడా అబద్ధమే గదా. ఆయన జీతం అంకె దగ్గర ఆగిపోయాడు.

"అంతేనా సార్?"

"అంతే."

"మరి నువ్వేమంటావు మే?" అని బిడ్డ వైపు తిరిగాడు.

ఆమె ఉద్యోగం ఊసు ఎత్తలేదు. తిరుపతి యూనివర్సిటీ హాస్టల్ ఖర్చు ఎంతో, బి.ఇడి. ముందు చేస్తే ఏమవుతుందో, తమ్ముడి ఫీజు ఏ నెలలో కట్టాలో ఒక కాగితం మీద రాసుకుని వచ్చింది. ఆ కాగితం తండ్రి అంతవరకు చూడలేదు. ఇద్దరూ నా బల్లమీద దాన్ని పరుచుకుని లెక్కలు మొదలెట్టారు. హాస్టల్ ఖర్చు ఆమె తక్కువ వేసిందని ఆయనా, ఈ ఏడు కాయ ధర ఆయన ఎక్కువ వేశాడని ఆమే వాదించుకున్నారు. నాకు క్లాసు ఉండి లేచాను. తిరిగొచ్చేసరికి పలమనేరు బస్సుకు వేళయిందని వెళ్ళిపోయారు. ఏమని తేల్చుకున్నారో నాకు చెప్పలేదు.