124వ ర్యాంకు పుట్టిన వీధిలో…

సియోల్ వెళ్తున్నానని చెప్పగానే మా చెల్లి కోరింది ఒక్కటే. ‘‘అన్నయ్యా, టవర్లూ ప్యాలెస్‌లూ నాకొద్దు. బీటీఎస్ వాళ్లు డెబ్యూకి ముందు తిన్న హోటల్ ఉంటుంది, దాని ఫొటో పెట్టు చాలు’’ అంది. తనిప్పుడు నీట్ లాంగ్‌టర్మ్‌లో ఉంది. మొదటిసారి సీటు రాలేదు. ఇంట్లో ఆ ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడుకుంటాం!

సబ్‌వే ఏడో లైన్ ఎక్కి హాక్‌డాంగ్ స్టేషన్‌లో దిగాను. గ్యాంగ్నమ్ అంటే సై పాట చూసి ఏదేదో ఊహించుకుంటాం కదా. ఈ నోన్‌హ్యన్‌డాంగ్ వైపు అంత తళుకేం లేదు. మెయిన్ రోడ్డు మీద వరసగా ఫర్నిచర్ షాపులు. లోపలికి తిరిగితే ఇరుకు గల్లీలు, పాత బిల్డింగులు, తలుపు పక్కన కిమ్చి డబ్బాలు.

ఆ బిల్డింగుల్లోనే ఒకప్పుడు ఓ చిన్న కంపెనీ ఉండేది. పేరు బిగ్‌హిట్. పేరులోనే తప్ప హిట్లు పెద్దగా లేవు. దెగు, బుసాన్, గ్వాంగ్జు లాంటి ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లని ఇక్కడే ప్రాక్టీస్ చేయించింది. ఏడుగురికీ పడుకోవడానికి ఒకటే గది. మన హాస్టళ్లు చూసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

2013 జూన్ 12న ఆల్బమ్ వచ్చింది. మర్నాడు టీవీలో మొదటి స్టేజ్. పాట ‘నో మోర్ డ్రీమ్’. కళ్లకి నల్ల కాటుక, మెడలో లావుపాటి గొలుసులు, మొహంలో కోపం. అప్పటికి పదిరోజుల ముందే ఎక్సో ఆల్బమ్ దిగింది, అది తర్వాత పదిలక్షల కాపీలు దాటింది. వీళ్లది ఆ ఏడాది చివరికి ఇరవై నాలుగు వేల చిల్లర. పాట గావన్ డిజిటల్ చార్ట్‌లో ఎక్కిన అత్యధిక స్థానం… 124.

మనింట్లో 124వ ర్యాంకొస్తే వీధంతా స్వీట్లు పంచుతారు. పాటల చార్ట్‌లో మాత్రం ఆ నంబర్‌ని ఎవరూ కిందికి స్క్రోల్ చేసి చూడరు. పైగా ‘బాంగ్తాన్ సొన్యొన్దాన్’, అంటే బుల్లెట్‌ప్రూఫ్ కుర్రాళ్లు అన్న పేరు విని నవ్వినవాళ్లే ఎక్కువ. అలాగని పూర్తిగా ఫ్లాప్ అనడం కూడా తప్పే. ఆ ఏడాదే మెలన్ అవార్డుల్లో కొత్త ఆర్టిస్టుగా ప్రైజ్ కొట్టారు. టీవీ మ్యూజిక్ షోలో మొదటి గెలుపు కోసం మాత్రం 2015 మే దాకా ఆగాల్సొచ్చింది. దాదాపు రెండేళ్లు!

ఇంతకీ ఆ పాటలో ఏముందంటే, చదువు తప్ప ఇంకేం తెలియని పిల్లల్ని పట్టుకుని నీ కల ఏంట్రా అని నిలదీస్తారు. ఇంట్లోవాళ్లు చెప్పిందేనా, నీదంటూ ఏమైనా ఉందా అని. మా చెల్లి దీన్ని ఇంటర్ హాస్టల్లో, దుప్పటి కింద, ఒక ఇయర్‌ఫోన్‌ని ఇద్దరు పంచుకుని వినేదట. నాకు మొన్నమొన్ననే చెప్పింది.

హోటల్ పేరు యూజంగ్ సిక్‌డాంగ్. లోపల గోడ ఖాళీగా కనిపిస్తే ఒట్టు. అంతా పోస్టర్లు, ఫొటోలే. పోర్క్ వేసిన రాతిగిన్నె బిబింబాప్ ఇక్కడ ఫేమస్. గిన్నె టేబుల్ మీదికొచ్చాక కూడా చిటపటమంటూనే ఉంది. ఎర్రటి మిర్చి పేస్టు మన కారంలా మండదు, కాస్త తియ్యగా ఉంటుంది. అసలు రుచి అడుగున పట్టిన మాడుది. చెంచాతో గీరి గీరి తిన్నాను. పక్క టేబుల్ దగ్గర ఇద్దరమ్మాయిలు తినడం మానేసి గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

ఇప్పుడా కంపెనీ యోంగ్సాన్‌లో పెద్ద టవర్‌లో ఉంది. అటు వెళ్లాలనిపించలేదు.

గోడ ఫొటో చెల్లికి పంపాను. సియోల్‌లో రాత్రి రెండున్నరకి ఫోన్ మోగింది. మనకి పదకొండు. స్టడీ అవర్ అయ్యి అప్పుడే చూసిందట.

‘‘బానే ఉంది గానీ, మాడు కూడా తిన్నావా?’’

తిన్నానన్నాను.

‘‘సరే, రేపు గ్రాండ్ టెస్ట్ ఉంది, పడుకుంటా’’ అంది. కాసేపటికి చూస్తే ఆ ఫొటోనే తన డీపీ.