ఉదయగిరి కొండమీదినుండి సముద్రము కనబడునా?

నెల్లూరు జిల్లాకు పడమటి ఎల్లగా వెలిగొండలు నిలిచియున్న మెట్టసీమలో, ఆత్మకూరునందును ఉదయగిరియందును బి.యస్సీ. చదువు పిల్లలు భౌతికశాస్త్రపు లెక్కలను ఏ రీతిని సాధించుచున్నారో చూడవలెనను కుతూహలముతో నేనీమధ్య ఆ వైపు పోయివచ్చితిని. భౌతికశాస్త్రమనగానే పట్టణపు ప్రయోగశాలలు మనస్సునకు తోచును గాని, ఈ శాస్త్రమునకు ముఖ్యమైన పరికరములు ఒక తెల్లకాగితమును, దానిపై సూత్రముకంటె ముందుగా గీయవలసిన బొమ్మయునే యని నా చిరకాలపు నమ్మకము.

ఆత్మకూరులో పదవీవిరమణ చేసిన అధ్యాపకులొకరు సాయంకాలము తమ యింటి వరండాలో పిల్లలను కూర్చుండబెట్టుకొని లెక్కలు చేయింతురు. నేను పోవునప్పటికి అచ్చట యాంత్రికశాస్త్రము నడుచుచుండెను. పది మీటర్ల ఎత్తు, ఒక మీటరు వెడల్పు గల గేటుకు అంచుదాక నీరు నిలిచినచో దానిపై పడు మొత్తము బలమెంత యనునది ప్రశ్న. సోమశిల జలాశయము అల్లంత దూరముననే యుండుటచేత పిల్లలకు గేటనగా ఏమో చెప్పవలసిన పని లేదు. ఒక కుఱ్ఱవాడు అడుగున నుండు పీడనమును వైశాల్యముతో గుణించి చకచక జవాబు వ్రాసివేసెను.

“ఒరే, పైన కూడా అంతే లోతుందా?” అని మాత్రమే అయ్యవారనిరి. కుఱ్ఱవాడు కలమాపి, పీడనము పైన సున్న యనియు, క్రిందికి పోనుపోను పెరుగుననియు ఒక త్రిభుజము గీచి, సగటు తీసికొని 4,90,000 న్యూటన్లని దిద్దెను; అనగా సుమారు యాభై టన్నుల బరువు. ఆ బలమంతయు అడుగునుండి మూడవ వంతు ఎత్తున ఒక్కచోట పనిచేయుచున్నట్లు భావింపవచ్చునని కూడ ఆ త్రిభుజమే చెప్పెను. అయితే పిల్లలను నిజముగా కలవరపెట్టినది తరువాతి మాట. గేటు వెనుక సోమశిలయందువలె 78 టి.ఎం.సి.ల నీరున్నను, బారెడు తొట్టి నీరున్నను, లోతు సమానమైనచో గేటుపై పడు బలము సమానమే! “అట్టెట్ట సార్?” అని ఒకడు లేచి నిలువబడెను. ఆ ప్రశ్నకు వెంటనే సమాధానము చెప్పక, మఱునాడు రండని పంపివేసిన అయ్యవారి ఓర్పును నేను లోలోపల మెచ్చుకొంటిని.

ఉదయగిరిలో పాఠము చెప్పుచున్న వారు ఒక యువ అధ్యాపకురాలు. ఊరిమీదికి వంగినట్లుండు ఆ దుర్గము సముద్రమట్టమునకు 3,079 అడుగుల ఎత్తున నున్నది. గజపతుల కాపుదలలోనున్న దానిని శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలము ముట్టడించి 1514లో వశపరచుకొనెను. అదియంతయు చరిత్ర తరగతిలో చెప్పుదురు. ఆ దినమున ఆమె బల్లమీద వ్రాసిన ప్రశ్న మఱియొకటి: కోట శిఖరమునుండి చూచినచో బంగాళాఖాతము కనబడవలెనా, కనబడకూడదా?

ఒక అమ్మాయి నోటుపుస్తకములో సూత్రము వెదుకబోగా, “ఫార్ములా తర్వాత చూద్దువుగానీ, ముందు బొమ్మ గియ్యమ్మా” అనిరి మేడమ్. ఆ పిల్ల వచ్చి గుండ్రని భూమిని గీచి, దానిపై కొండను నిలిపి, శిఖరమునుండి భూమికొక స్పర్శరేఖను గీచి, స్పర్శబిందువునుండి భూకేంద్రమునకు వ్యాసార్ధమును కలుపగా లంబకోణ త్రిభుజము తానై వెలసెను. 938 మీటర్ల ఎత్తును, 6,371 కిలోమీటర్ల భూవ్యాసార్ధమును గుణించి, రెట్టించి వర్గమూలము తీయగా దిగంతము 109 కిలోమీటర్ల దూరమున తేలినది. తీరమో, తిన్నగా తూర్పునకు ఎనభై పైచిలుకు కిలోమీటర్లే. పైగా క్రింద చిక్కగను పైన పలుచగను ఉండు గాలిలో కాంతి కొంచెము వంగి వచ్చుటచేత దిగంతము మఱియు జరిగి దాదాపు 118 కిలోమీటర్లగును. కావున సముద్రము కనబడవలెను.

“మరి మేం ఎన్నిసార్లు ఎక్కినా కనపడలేదే మేడమ్?”

ఈ ప్రశ్న కొఱకే ఆమె కాచుకొనియున్నట్లున్నది. నడుమనున్న గాలియు, ధూళియు వెలుగును చెదరగొట్టును; దూరము హెచ్చినకొలది వస్తువునకును ఆకాశమునకును భేదము మాసిపోవును. గాలియణువులు వెలుగును చెదరగొట్టుట తరంగదైర్ఘ్యపు నాల్గవ ఘాతమునకు విలోమముగా నుండును గనుక, 6500 ఆంగ్‌స్ట్రాముల ఎఱుపుకంటె 4500 ఆంగ్‌స్ట్రాముల నీలము నాలుగు రెట్లకు మించి చెదరునని పిల్లలే లెక్కగట్టిరి. విశాఖపట్టణమున పెరిగిన రామన్, అట్లు చెదరిన వెలుగులో అత్యల్పభాగము తన రంగునే మార్చుకొనుచున్నదని 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో కనుగొనెను. ఆయన శిష్యుడైన సూరి భగవంతము, వెంకటరాయుడుగారితో కలసి అణుకంపనముల సౌష్ఠవమును సమూహ సిద్ధాంతముతో విడదీసి చూపు గ్రంథమును 1948లో వాల్తేరునుండి వెలువరించెను. ఆ పరంపర మనదే యని ఆమె ఒక్క వాక్యములో చెప్పి, ఉపన్యాసము చేయక లెక్కకు దిగుట నాకు మిక్కిలి నచ్చినది.

పాదరసదీపపు 4358 ఆంగ్‌స్ట్రాముల వెలుగు బెంజీనుపై పడినది. అణుకంపనము సెంటీమీటరుకు 992. మారిన రేఖ ఎచ్చట పడును? ఒకడు 4358 ప్రక్కన 992 వేసి కూడబోయెను. తరంగదైర్ఘ్యములు కూడవు, తీయవు. శక్తిని కొలుచునవి తరంగసంఖ్యలు. తలక్రిందులు చేయగా 22,946. అందులో 992 తీయగా 21,954. తిరిగి తలక్రిందులు చేయగా 4555. ఇది స్టోక్స్ రేఖ. కూడినచో ఇటుప్రక్క 4177 వద్ద రెండవ రేఖ. ఈ రెండవది అంత మసకగా నుండుటేల? పాత యాంత్రికశాస్త్రము ఇచ్చట నోరు మూసికొనును. రెండవ రేఖకు ముందే కంపించుచున్న అణువు కావలెను. గది ఉష్ణోగ్రతయందు అట్టివి నూటికి ఒకటియైనను లేవని బోల్ట్‌జ్‌మన్ సూత్రముతో లెక్కించి చూచినప్పుడు, క్వాంటం సిద్ధాంతము వారికి గ్రంథములోని వింతగాక అవసరమై తోచినది.

డిగ్రీ చదువంతయు ఆంగ్లమాధ్యమమైన 2021 తరువాత ఈ పిల్లలు ఇంగ్లీషున వ్రాసి తెలుగున తర్కించుచున్నారు. అది లోపమని నేననను. లోపము పరీక్షలలో నున్నది. వ్యాసప్రశ్నలకు మార్కులు మెండు, లెక్కకు కొసరు. గైడులోని ఇంపార్టెంట్ క్వశ్చన్లు వల్లించినవాడు గట్టెక్కును, బొమ్మ గీచి తడబడి దిద్దుకొన్నవాడు వెనుకబడును. ప్రశ్నపత్రములు కూర్చు పెద్దలకు నా విన్నపమొక్కటే: లెక్కకు సగము మార్కులైనను కేటాయింపుడు, ఆ లెక్కలలో ఒకదానినైనను పిల్లవాడు కన్నులార చూచిన కొండనుండియో, చెరువునుండియో, 2015లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి కొయ్యగరిటెల గరిమనాభినుండియో తీసి యియ్యుడు.