నివురుగప్పిన నేల

ఆదివారం పొద్దున క్లాంగ్ నుంచి బాంటింగ్ వైపు బయలుదేరారనుకోండి. బుకిత్ తింగ్గి దాటాక జోహన్ సెతియా వస్తుంది. ఆ తర్వాత తెలోక్ పంగ్లిమా గారాంగ్. అక్కడ మలుపు తిరిగి లంగాట్ నది మీది వంతెన దాటితే కేరీ ద్వీపం. దారి పొడుగునా పామాయిల్ చెట్లు, కాలవలు, గాలాలు పట్టుకుని గట్టు మీద కూర్చున్న మనుషులు కనిపిస్తారు.

మనలో చాలామంది ఈ దారిన వెళ్ళేది సరదా కోసమే. పీతల కూర తినడానికి, చేపలు పట్టడానికి, పిల్లలకు పచ్చదనం చూపించడానికి వెళ్తాం. తప్పకుండా వెళ్ళండి. కానీ ముందు రెండు సంగతులు తెలుసుకోండి. ఆ నేల ఎలాంటిది? అక్కడ ఎవరుంటున్నారు? ఈ రెండూ తెలియకపోవడం వల్లే సరదాగా వెళ్ళినవాళ్ళు పొగను, చెత్తను, చిక్కులను వెనక వదిలి వస్తున్నారు.

లోపల మండే నేల

జోహన్ సెతియాలో ఉన్నది పీట్ నేల. మలయ్‌లో దాన్ని తనా గంబుట్ అంటారు. తెలుగు వాడుకలో దీనికి పేరు లేదు. ఆకులు, కొమ్మలు, వేళ్ళు వేల ఏళ్ళుగా నీళ్ళలో పడి, పూర్తిగా కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకుంటే ఏర్పడే నేల అది. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మందం పెరుగుతుంది. అంటే మీటరు లోతు పొర ఏర్పడటానికి దాదాపు వెయ్యేళ్ళు పడుతుంది. నీళ్ళలో నానుతున్నంత కాలం ఆ నేలకు భయం లేదు. సాగు కోసం కాలవలు తవ్వి నీళ్ళు తీసేస్తే ఎండిపోతుంది. ఎండిన పీట్ అంటే ఎండుకట్టెల కుప్పతో సమానం.

తెలుగులో 'నివురుగప్పిన నిప్పు' అనే మాట ఉంది. నివురు అంటే నిప్పు మీద పేరుకునే సన్నని బూడిద. పైకి చల్లగా కనిపిస్తూ లోపల రగులుతున్న దాన్ని ఇలా అంటారు. మనిషి మనసులో దాచుకున్న కోపం గురించి ఈ మాట ఎక్కువగా వింటాం. జోహన్ సెతియాలో అది నేలకే సరిపోతుంది. ఎండిన పీట్ మీద సిగరెట్ పీక పడిందనుకోండి. పైన గడ్డి కాసేపు మండి ఆరిపోతుంది. నిప్పు మాత్రం లోపలికి దిగి, మంట లేకుండా, నెమ్మదిగా పక్కకు పాకుతుంది. కొన్ని రోజుల తర్వాత ఎక్కడో దూరంగా నేలలోంచి పొగ లేస్తుంది. అప్పుడు బొంబా వాళ్ళు వస్తారు. పైపైన నీళ్ళు చల్లితే సరిపోదు. నేల లోపలిదాకా తడవాలి. అందుకోసం కాలవలకు అడ్డుకట్టలు వేసి నీళ్ళు నిలపాలి. రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు పడుతుంది. చివరికి మంచి వాన పడితే తప్ప పూర్తిగా ఆరదు.

నిజం చెప్పాలంటే, అక్కడి మంటలన్నీ చూడటానికి వచ్చినవాళ్ళవల్ల పుట్టినవి కావు. పొలం శుభ్రం చేయడానికి పెట్టే మంటలు, తెచ్చి పడేసిన చెత్తను తగలబెట్టే మంటలు ఎక్కువ. కానీ ఎండాకాలంలో నేలకు ఆ తేడా తెలియదు. రైతు గీసిన అగ్గిపుల్ల అయినా, గాలం వేసేవాడు దోమలకోసం పెట్టిన పొగ అయినా, మీరు కారులోంచి విసిరిన పీక అయినా ఒకటే.

పొగ అంటే ఏమిటో క్లాంగ్ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2005 ఆగస్టు 11న పోర్ట్ క్లాంగ్‌లో, క్వాలా సెలంగోర్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. వాయు కాలుష్య సూచీ 500 దాటింది. సూచీ 100 దాటితేనే గాలి ఆరోగ్యానికి మంచిది కాదని లెక్క. 2019 సెప్టెంబరులో జోహన్ సెతియా కేంద్రంలో సూచీ 200 దాటింది. ఆ రెండుసార్లూ పొగలో చాలా భాగం సముద్రం అవతల సుమత్రా నుంచి వచ్చింది. అవతలి మంటను మనం ఆపలేం. ఇవతలి నిప్పు మాత్రం మన చేతిలోనే ఉంది.

ఈ నేలను కాపాడటం సాధ్యమేనని ఉత్తర సెలంగోర్‌లోని రాజా మూసా అడవి చూపిస్తోంది. అక్కడ కూడా ఏళ్ళ తరబడి మంటలు రేగాయి. 2008 నుంచి అటవీ శాఖ, గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ సెంటర్, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి పాత కాలవలకు అడ్డుకట్టలు కట్టి, కాలిన చోట మొక్కలు నాటుతున్నారు. నీళ్ళు నిలిచిన చోట నేల మళ్ళీ తడుస్తుంది. తడిసిన నేల అంటుకోదు.

తోట ఖాళీ చోటు కాదు

ఇక రెండో సంగతి. అక్కడ ఎవరుంటున్నారు?

ఎస్టేటును మన పెద్దలు తోట అనేవారు. మల్లెతోట, కూరగాయల తోట అన్నంత మామూలుగా, వేల ఎకరాల రబ్బరు ఎస్టేటును కూడా తోట అనే పిలిచారు. మన తాతముత్తాతల్లో కొందరు పెనాంగ్‌లో ఓడ దిగారు, కొందరు ఇక్కడే పోర్ట్ స్వెట్టెన్‌హామ్‌లో దిగారు. ఆ రేవు 1901లో మొదలైంది. 1972లో దాని పేరు పోర్ట్ క్లాంగ్‌గా మారింది. ఒప్పంద కూలీ పద్ధతి 1910లో ఆగిపోయింది. కంగాణీల ద్వారా మనుషులను తీసుకురావడం 1938 వరకు సాగింది. ఓడ దిగినవాళ్ళు తోటలకు వెళ్ళి వరస ఇళ్ళలో కాపురం పెట్టారు. గది చిన్నదైనా వాకిలి ఊడ్చారు. కళ్ళాపి చల్లారు, అంటే పేడ కలిపిన నీళ్ళు చల్లారు. దాని మీద ముగ్గు పెట్టారు.

మనం ఇప్పుడు పట్నంలో ఉంటున్నాం. కారు అద్దంలోంచి చూస్తే తోట మనుషులు లేని చోటులా కనిపిస్తుంది. కానీ కేరీ ద్వీపంలో మహ్ మేరి ప్రజల ఊళ్ళున్నాయి. కొయ్య ముఖాలు చెక్కడంలో వాళ్ళకు గొప్ప పేరుంది. ద్వీపానికి కేరీ అనే ప్లాంటరు పేరు వచ్చింది నిన్న మొన్న. వాళ్ళు అంతకన్నా ముందునుంచీ అక్కడున్నారు. తోట పనివాళ్ళ కుటుంబాలూ ఉన్నాయి. మీరు తినేసిన డబ్బా విసిరేది ఎవరో ఒకరి వాకిట్లోనే.

కారు నిలిపే సంగతి కూడా ఇంతే. తోట దారులు సన్ననివి. పక్కన కాలవ ఉంటుంది. వరసగా నాలుగు కార్లు నిలిపితే గెలల లారీ వెళ్ళలేదు. కోసిన పామాయిల్ గెల 24 గంటల్లో మిల్లుకు చేరాలి. ఆలస్యమైన కొద్దీ నూనె నాణ్యత తగ్గిపోతుంది. మీకు అది పది నిమిషాల ఫోటో. లారీ డ్రైవరుకు అది ఒక ట్రిప్పు. అదే దారిన బొంబా వాహనమో అంబులెన్సో రావాల్సి వస్తే?

అల తిరిగి తెచ్చే చెత్త

పులావ్ కేతం, అంటే పీతల ద్వీపం, వెళ్ళాలంటే పోర్ట్ క్లాంగ్‌లో పడవ ఎక్కాలి. అక్కడ కార్లు లేవు. సైకిళ్ళు, బ్యాటరీ బళ్ళు మాత్రమే. చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళు బురద మీద, కర్రల మీద నిలబడి ఉంటాయి. నడిచే దారి అంచు నుంచి సీసా పడేస్తే అది ఎక్కడికీ పోదు. ఆటు వచ్చినప్పుడు బురదలో కూరుకుంటుంది, పోటు వచ్చినప్పుడు ఇంటి కిందికి వస్తుంది. లేదా మడ చెట్ల వేళ్ళకు చుట్టుకుంటుంది. మడ అంటే ఉప్పునీటి బురదలో పెరిగే చెట్టు. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగిలో కూడా పెద్ద మడ అడవి ఉంది. కొన్ని మడ చెట్ల వేళ్ళు బురదలోంచి పైకి లేచి గాలి పీలుస్తాయి. వాటి మీద ప్లాస్టిక్ కప్పుకుంటే చెట్టుకు ఊపిరాడదు.

దీనికి చట్టాలు ఉన్నాయి. 1974 నాటి పర్యావరణ నాణ్యత చట్టం కింద, ఆరుబయట నిప్పు పెట్టినందుకు ఐదేళ్ళ దాకా జైలు పడవచ్చు. 2026 జనవరి 1 నుంచి, చెత్త విసిరి పట్టుబడినవాళ్ళకు జరిమానాతో పాటు 12 గంటల వరకు సమాజసేవ కూడా వేయవచ్చు. కానీ తోట మధ్యలో పోలీసు ఉండడు. అక్కడ మిమ్మల్ని చూసేది మీ పిల్లలే.

వెళ్ళేటప్పుడు

ఫిబ్రవరి, మార్చి నెలల్లోనూ, జూన్ నుంచి సెప్టెంబరు దాకానూ నేల ఎక్కువగా ఎండుతుంది. ఆ రోజుల్లో పీట్ నేల మీద పొయ్యి పెట్టకండి, పొగ తాగకండి. అడవి అంచున మంటల ప్రమాదం చూపే బోర్డు కనిపిస్తే దాని ముల్లు చూడండి. నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని నాలుగు రంగులుంటాయి. ముల్లు పసుపులోకి వచ్చిందంటే జాగ్రత్త. ఎరుపులో ఉంటే ఆ రోజు ఇంకెక్కడికైనా వెళ్ళండి. నేలలోంచి పొగ వస్తుంటే దగ్గరకు పోకండి. లోపల కాలిన నేల కాలు పెడితే కుంగిపోతుంది. 999కి ఫోన్ చేసి, దగ్గరలోని రోడ్డు పేరో కిలోమీటరు రాయి అంకెనో చెప్పండి.

కారులో ఒక ఖాళీ సంచి పెట్టుకోండి. తీసుకెళ్ళినదంతా అందులోనే వెనక్కి తెచ్చుకోండి. కారును తోట దారి మీద కాకుండా, కొట్టు ముందో ఊళ్ళోనో అడిగి నిలపండి. అడిగితే చోటు చూపిస్తారు.

భోగి మంట గుర్తుందా? మంట వేసినవాళ్ళు అది చల్లారేదాకా అక్కడే ఉంటారు. నీళ్ళు చల్లి, బూడిద ఎత్తి, వాకిలి కడిగాకే లోపలికి వెళ్తారు. ఆ పద్ధతి మనకు కొత్త కాదు. అది మన వాకిలి దగ్గరే ఆగిపోకూడదు.

ఈ ఆదివారం బయలుదేరే ముందు ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో ఒక మాట అడగండి: "మనవాళ్ళది ఏ తోట?" వాళ్ళు చెప్పిన పేరు రాసుకోండి. వీలైతే అక్కడికే వెళ్ళండి. ఇళ్ళు పోయి ఉండవచ్చు, చెట్లు మారి ఉండవచ్చు. దిగి నాలుగడుగులు నడవండి. అక్కడ మీరు చెత్త వేయరని నాకు నమ్మకం. మిగతా తోటలు కూడా ఎవరో ఒకరివే.