బృందములో నొంటరిగా: మా రామేశ్వరయాత్ర

మన యిండ్లలో యాత్రయను మాట పుట్టినతోడనే వచ్చు మొదటి ప్రశ్న "ఎవరితో?" అనునది. ఎక్కడికి, ఎప్పుడు, ఎంత వ్యయమగును అను ప్రశ్నలు తరువాతివి. భర్తకు సెలవు లేకున్నను, కుమారునకు తీరిక లేకున్నను, అన్నదమ్ములు దూరదేశమున నున్నను, స్త్రీయొక్క యాత్ర ఆగిపోవును. ఆగినదని యెవరును చెప్పరు. "ఈ యేడు కాదు, వచ్చే యేడు చూతము" అందురు. ఇట్లు వచ్చే యేడనుచునే జీవితకాలమంతయు గడపిన గృహిణులను మనలో ప్రతివారును ఎఱుగుదురు. కావున ఇంటివారెవరును వెంటలేక, ముక్కుమొగ మెఱుగని నలువదిమందితో గూడి మేము చేసివచ్చిన రామేశ్వరయాత్రను సోదరీమణులకు నివేదించుట నిష్ప్రయోజనము కాదని తలంచుచున్నాము.

బృందముగా యాత్రచేయుట మనవారికి క్రొత్తగాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 వ సంవత్సరము మే నెల 18 వ తేదీన చెన్నపురినుండి సుమారు నూరుగురి పరివారముతో బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చి, ఆ వృత్తాంతమును కాశీయాత్రా చరిత్రమను పేర వ్రాసియుంచిరి. అయితే ఆ కాలమున స్త్రీ యట్టి పరివారమున చేరవలెనన్న ఎవరో యొక యజమాని యింటిదై యుండవలెను. ఒకరినొకరు ఎఱుగనివారు తలకింతయని సొమ్ము చెల్లించి నిర్వాహకునివెంట పోవు పద్ధతి ఇంగ్లండులో థామస్ కుక్కను నాతనివలన ప్రబలినది. అతడు 1841 జూలై 5 న సుమారు 500 మందిని తలకొక షిల్లింగు చొప్పున లెస్టరునుండి లఫ్‌బరోకు రైలుపై తీసికొనిపోయెను. 1863 లో అతడు నడపిన స్విట్జర్లండు యాత్రలో జెమీమా మోరెల్ అను అవివాహితురాలు పాల్గొని దినచర్య వ్రాసియుంచినది. తండ్రిగాని భర్తగాని వెంటలేని స్త్రీలు దూరదేశములు చూచుటకు ఈ పద్ధతి త్రోవ తీసినది. నేడు మధ్యధరాసముద్రములోని క్రీటు, మాల్టా, సైప్రసు ద్వీపములకు సైతము స్త్రీలు ఒంటరిగా వచ్చి బృందములలో చేరుచున్నారు. మాకు లభించిన ద్వీపము మన సేతువుకడ నున్న రామేశ్వరము.

మా నివాసము మల్లాపూరు. హైదరాబాదు నగరమునకు తూర్పున, నాచారపు కర్మాగారములకు దాపున నున్న యీ ప్రదేశమున, బ్రతుకుతెరువునకై నానా జిల్లాలనుండి వచ్చిన కుటుంబములు కాపురముండును. అందువలన మాఘమాసమునను కార్తికమాసమునను యాత్రలవారి ప్రకటనకాగితములు ప్రతి యింటి గుమ్మమునకును వచ్చుచుండును. మా వారు బడిపంతులు. వారికి దీర్ఘమైన సెలవులు వేసవియందే. వేసవిలో సేతువునందలి యిసుక కాళ్లు మాడ్చును. గత మాఘమాసమున నొక బృందము బయలుదేరుచున్నదని విని, "నీవు పోయి రమ్ము" అని మా వారే యనిరి. మేము మా అత్తగారి ముఖము చూచితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, "రాముడు కట్టిన వారధి చూడబోవుదానికి రాముడే తోడు, పిల్లల సంగతి నేను చూచుకొందును" అని సెలవిచ్చిరి.

అటుపిమ్మట సొమ్ముమాట వచ్చినది. నిర్వాహకులు గదికి ఇద్దఱు లేక ముగ్గురు చొప్పున లెక్కవేసి ధర నిర్ణయింతురు. ఒంటరిగా వచ్చినవారు తమకు వేరుగది కావలెనన్నచో రెండవ పడకకును తామే చెల్లింపవలెను. ఇది మన దేశమునందే గాదు, మీద చెప్పిన విదేశపు ద్వీపములందును ఉన్న ఆచారమే. బడిపంతులింటి భార్యకు రెండు పడకల సొమ్మెక్కడిది? కావున మరియొక స్త్రీతో గది పంచుకొనుట కంగీకరించితిమి. ఆ రెండవయామె జనగామ ప్రాంతపు వృద్ధురాలు, డెబ్బది యొక్క యేండ్లది, వితంతువు. ఆమెను మేము పెద్దమ్మయని పిలిచితిమి. మమ్ములను ఆమె బిడ్డాయని పిలిచినది. చెర్లపల్లి స్టేషనులో రైలెక్కునప్పటికి మా పరిచయ మింతమాత్రమే.

చెర్లపల్లి మా యింటికి చేరువ. అచ్చట 2025 జనవరి 6 న క్రొత్త టెర్మినలు ప్రారంభమైన తరువాత మావంటివారికి సికింద్రాబాదు దాక పోవు శ్రమ కొంత తప్పినది. రెండు రైళ్లు మారి మధుర చేరి, మీనాక్షీదర్శనము చేసికొని, అచ్చటినుండి మోటారుబస్సులో సాగితిమి. బృందమున దంపతులు పదునొకండు జంటలు. తక్కినవారు అక్కచెల్లెండ్రు, తల్లీకూతుండ్రు, వియ్యపురాండ్రు. ఎవరును లేనివారము పెద్దమ్మయు మేమును మాత్రమే. మొదటి దినమున ప్రతివారును మమ్ముల నడిగినది యొకటే: "మీతో ఎవరు వచ్చినారు?" రెండవ దినమునకు ఆ ప్రశ్న మారి, "మీరు కొంచెము మా సంచి చూచుచుందురా?" అని యైనది. ఒంటరిగా వచ్చినవారికి చేతులు ఖాళీయని లోకుల తలంపు. ఒకరి చంటిబిడ్డను, మరియొకరి మందులపెట్టెను, ఇంకొకరి చెప్పులను కాచి కాచి, మూడవ దినమున "ఇప్పుడు మేమును చూడవలసినది కలదు" అని నవ్వుచునే చెప్పితిమి. ఎవరును కోపింపలేదు.

మండపమను నూరు దాటగానే సముద్రము. 1988 లో తెఱవబడిన రోడ్డు వంతెనమీద బస్సు పోవుచుండగా ప్రక్కన రైలువంతెన కానవచ్చును. పాంబను రైలువంతెన మొదట 1914 లో కట్టబడినది. దాని బదులుగా నిర్మింపబడిన క్రొత్త వంతెన 2025 ఏప్రిల్ 6 న ప్రారంభింపబడినది. పొడవు రెండు కిలోమీటర్లకు మించును. ఓడలు పోవలసివచ్చినప్పుడు నడుమనున్న 72.5 మీటర్ల భాగము పూర్తిగా నిలువున పైకి లేచును. వాల్మీకి మహర్షి యుద్ధకాండమున వానరులు నూరు యోజనముల సేతువును అయిదు దినములలో, మొదటినాడు పదునాలుగు, చివరినాడు ఇరువదిమూడు యోజనముల చొప్పున కట్టినట్లు లెక్కతో చెప్పియున్నాడు. చిన్ననాడు మా తండ్రిగారు ఈ ఘట్టము చదివించుచు ఆ యంకెలను మాచేత కూడించిరి. ఆ నీలజలముపై బస్సు సాగుచుండగా వారి కంఠము మా చెవులలో వినబడినట్లైనది.

రామేశ్వరమున మొదట అగ్నితీర్థమనబడు సముద్రస్నానము, పిదప ఆలయములోని యిరువదిరెండు తీర్థముల స్నానము. ఈ తీర్థములలో పెక్కు నూతులు. నూతిగట్టుపై నిలిచినవారు చిన్న బొక్కెనతో నీరు తోడి వచ్చినవారి తలపై పోయుదురు; తడిబట్టలతో ఒక నూతినుండి మరియొక నూతికి నడచుచుండవలెను. చివరకు పొడిబట్టలు కట్టుకొనిగాని దర్శనమునకు పోగూడదు. ఒంటరి స్త్రీకి అసలు చిక్కు ఇచ్చటనే కలదు. రెండుగంటలసేపు తడియుచుండ, పొడిచీర, సొమ్ము, ఫోను, కంటియద్దములు ఎవరిచేతి కీయవలెను? జంటలుగా వచ్చినవారు ఒకరి తరువాత నొకరు స్నానము చేయుదురు. మా బృందములోని స్త్రీలము ఎనమండుగురము కూడి, నలుగురు స్నానము చేయుచుండ నలుగురు సంచులతో కూర్చుండునట్లు ఏర్పాటు చేసికొంటిమి. ఏ బంధుత్వమును లేని యా యేర్పాటు ఒక్క సూదియైన పోకుండ నెరవేరినది.

సముద్రపుటొడ్డున సంకల్పము చెప్పించు పురోహితుడు తెలుగు తెలిసినవాడు. "అయ్యగారెక్కడ?" అని మమ్ముల నడిగెను. "బడిలో నున్నారు" అంటిమి. అతడు నవ్వి, గోత్రమును మా పేరును అడిగి, సంకల్పము చెప్పించెను. ఇంతకంటె పెద్ద విచారణ జరుగునని యింటివద్ద ఎన్ని రాత్రులు భయపడితిమో!

పెద్దమ్మ అయిదు నూతులవరకు నడచి, ఆరవదానికడ కూలబడినది. మోకాళ్లు సాగలేదు. తక్కిన తీర్థములనీరు కొంచెము కొంచెము చెంబులో పట్టితెచ్చి ఆమె తలపై పోసితిమి. ఆమె కన్నులు మూసికొని చేతులు జోడించి, కొంతసేపటికి ఇట్లన్నది: "ఎవరన్న తోలుకపోతరని పద్దెనిమిదేండ్లు ఎదురుచూసిన బిడ్డా. కొడుకులు మంచోల్లే, వాండ్లకు తీరికనే లేదు. గిప్పుడు నేనే పైసలు కట్టుకొని వస్తి. వస్తే మోకాళ్లు నడువనియ్యవట్టె." ఆ మాటలో నిష్ఠూరము లేదు, అందువలననే అది మా మనస్సున మరింత లోతుగా నాటినది. తోడుకొరకు ఆమె వేచియున్న కాలమున దేవుడును సముద్రమును ఇచ్చటనే యున్నవి. తగ్గిపోయినది ఆమె కాళ్లలోని సత్తువ మాత్రమే.

మఱునాడు వేకువజామున, బృందము మేలుకొనకమునుపే, పెద్దమ్మతో చెప్పి మేమొక్కరమే ఆలయమునకు పోయితిమి. 18 వ శతాబ్దమున సేతుపతి ప్రభువుల కాలమున ముగిసిన వెలుపలి ప్రాకారమండపములు ప్రసిద్ధములు. ఇరువైపుల స్తంభపంక్తులు కనుచూపుమేర సాగి చివర కొకటిగా కలిసినట్లుండును. ఆ చల్లని రాతిపై మెల్లగా నడచుచు, మాకు తోచినచోట నిలిచి, తోచినంతసేపు కూర్చుంటిమి. వంటకు వేళయైనదని గాని, పిల్లవానికి డబ్బాకట్టవలెనని గాని తలంపు రాలేదు. సీతమ్మవారు ఇసుకతో చేసిన లింగమును రాముడు ప్రతిష్ఠించెనను కథ స్కాందపురాణములోని సేతుమాహాత్మ్యమునందు విపులముగా నున్నది. వాల్మీకమున అంత విస్తరము లేదు. పుష్పకమున తిరిగిపోవుచు, మహాదేవుడు తన్ననుగ్రహించిన చోటని రాముడు సీతకు చూపుట మాత్రము కలదు. చదివిన గ్రంథమును చూచిన స్థలమును ఒకదాని ప్రక్క నొకటి పెట్టుకొని ఆలోచించుటకు ఒక గంట యేకాంతము చాలును. కాని ఆ గంట ఇంటివారితో వచ్చినచో దొరకునా యని సందేహము.

ఆనాటి మధ్యాహ్నము ధనుష్కోటికి పోయితిమి. రామేశ్వరమునుండి ద్వీపపు కొనవరకు సుమారు ఇరువది కిలోమీటర్లు. త్రోవకు ఒకవైపు బంగాళాఖాతము, మరియొకవైపు మన్నారు సింధుశాఖ. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపాను ఈ పట్టణమును తుడిచివేసినది. పాంబనునుండి ధనుష్కోటికి వచ్చుచున్న రైలు ప్రయాణికులతోకూడ అలలపాలైనది. రైలుస్టేషను, చర్చి గోడలు నేటికిని ఇసుకలో నిలిచియున్నవి. ఒకప్పుడు ఇచ్చటినుండి సింహళములోని తలైమన్నారునకు ఓడలు పోవుచుండెడివి. ఇప్పుడు ఆ శిథిలములప్రక్క జాలరుల భార్యలు గవ్వలదండలును ఎండుచేపలును అమ్ముచున్నారు. వారిలో నొకతె తెలుగుమాటలు నాలుగు నేర్చి, "అమ్మా, చూడండి" అని పిలిచినది. గవ్వలదండ కొని మా అత్తగారికి తెచ్చితిమి.

ఇంతవరకు యాత్ర. ఇక నొంటరిగా బృందమున చేరదలచిన సోదరీమణులకు కొన్ని మాటలు. సొమ్ము కట్టుటకు ముందే గదిలో ఎందఱుందురో, తోడుండువారు ఎవరో, వేరుగదికి ఎంత యధికమో, ప్రయాణము మానుకొన్నచో ఎంత తిరిగివచ్చునో వ్రాతమూలముగా తెలిసికొనుడు. వంటవారు వెంటవత్తురా, దారిలో స్త్రీలకు మరుగుదొడ్డి సౌకర్యముగల చోట్ల బండి నిలుపుదురా యని మొగమాటము లేక అడుగుడు. ఇది సిగ్గుపడవలసిన మాట కాదు. సొమ్మంతయు ఒకేచోట నుంచక మూడుచోట్ల నుంచుడు. నిర్వాహకుని ఫోనుసంఖ్య కాగితముపై వ్రాసి జాకెట్టులో పెట్టుకొనుడు; ఫోను తడియవచ్చును, పోవచ్చును. రైలులో నిబ్బంది కలిగిన 139 అను సంఖ్యకు ఫోను చేయుడు. గదిలో కలసియుండు స్త్రీతో మొదటి రాత్రియే దీపము ఎప్పుడు ఆర్పవలెనో, స్నానమునకు ఎవరు ముందో చెప్పుకొనుడు. ఒకరిపని చేసిపెట్టుట పుణ్యమే. అందఱిపనియు నెత్తిన వేసికొనుట యాత్ర కాదు. బయలుదేరుమన్న వేళకు అయిదు నిమిషములు ముందుండుడు. ఒంటరివారికొరకు వెనుదిరిగి చూచువారు తక్కువ.

తిరుగుప్రయాణమున మధురలో బస్సు దిగునప్పటికి పదునొకండు జంటలకును మాకును భేదము తగ్గినది. ఒకామె పులిహోర పొట్లము మాకొరకు దాచినది. ఒకాయన పెద్దమ్మను రైలుమెట్లపైకి చేయిపట్టి ఎక్కించినాడు. ఇంటినుండి వెంటవచ్చినవారే తోడని ఏల యనుకొనవలెను? కొందఱు దారిలో తోడగుదురు. అయితే వారు దొరకవలెనన్న మనము ముందుగా గడపదాటవలెను.

పోపులపెట్టెలో కూడబెట్టిన సొమ్ము కలవారు, పిల్లలను నాలుగు దినములు చూచువారు కలవారు, మోకాళ్లలో సత్తువ యింకను కలవారు, "ఎవరితో?" అను ప్రశ్నకు భయపడి ఈ మాఘమునుండి మరుమాఘమునకు యాత్రను త్రోసివేయకుందురుగాక. పెద్దమ్మ వచ్చే కార్తికమున కాశికి పోవునట. తోడుగా మమ్ములను రమ్మన్నది.