జేజినాయన గాలపు పలక

ముస్లిం అస్తిత్వం మీద రాయమంటే నాకు మొదట గుర్తొచ్చింది మసీదు కాదు, రంజాన్ నెల కాదు. ఒక చెక్కపలక. జానెడు పొడుగు, నాలుగు వేళ్ల వెడల్పు, రెండు చివర్లా చేపతోక మాదిరి గాట్లు. దాని మీద చుట్టిన గాలపు దారం. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

అనంతపురంలో చేపలెక్కడివి అంటారు కదూ? పడమటి కనుమలు నైరుతి వానను ఆపేస్తాయి. ఈశాన్యపు వాన తూర్పు తీరంలో కురిసి కురిసి మాదాకా వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అదీ వస్తే. అయినా మాకు చెరువులున్నాయి. చిత్రావతి నీళ్లతో నిండే బుక్కపట్నం చెరువు రాయల కాలం నుంచీ ఉంది. ఇప్పుడది సత్యసాయి జిల్లా. 2022లో జిల్లాలు చీల్చారు గానీ, నాకు మాత్రం నోరు తిరగక అనంతపురమనే వస్తుంది. చెరువు ఏళ్ల తరబడి ఎండుతుంది. ఒక ఏడు నిండుతుంది. ఆ ఒక్క ఏటి కోసం మిగతా ఏళ్లన్నీ దారాన్ని కాపాడుకోవాలి. జేజినాయన చేసింది అదే.

మేం దూదేకులోళ్లం. నూర్‌బాషాలనీ పింజారీలనీ కూడా అంటారు. ఇంట్లో తెలుగే. జేజినాయన విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. జేజిది ధర్మవరం. పెండ్లికాక ముందు పట్టుమగ్గాలకు కండెలు చుట్టింది. కాబట్టి మా ఇంట్లో దారానికి ఇద్దరు పంతుళ్లు. నరం ఎంత బిగువు పట్టాలో ఆయనకు తెలుసు, పోగు ఎట్లా చుట్టాలో ఆమెకు తెలుసు. కండె విషయంలో ఇద్దరికీ ఎప్పుడూ జగడమే.

"కండెను తిప్పి దారం తియ్యల్ల. కండె నిలబెట్టి పైనుంచి గుంజితే చుట్టుకొక మురి పడతాది" అనేది జేజి. అది నూటికి నూరుపాళ్లు నిజం. వంద చుట్లు అట్లా లాగితే వంద మురులు. నీళ్లలో వేయగానే దారం పాము మాదిరి మెలికపడి దాని మీద అదే ముడేసుకుంటుంది. జేజినాయన పలక మీద అడ్డంగా చుట్టేవాడు కాదు. ఎనిమిది అంకె మాదిరి, ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఇటు పడిన మురి అటు విడిపోతుంది.

ఆయన చిన్నతనంలో నూలుదారమే. తంగేడు పట్ట ఉడకేసిన నీళ్లలో నానబెట్టేవాళ్లంట, కుళ్లకుండా. తడిగా చుట్టి పెడితే నాలుగు రోజుల్లో నల్లమచ్చలొచ్చి పుటుక్కున తెగేది. నాకు ఊహ తెలిసేసరికి నైలాను దారం వచ్చేసింది. కుళ్లదు గదా అని ఊళ్లో అందరూ దాన్ని ఎట్లబడితే అట్ల పడేసేవాళ్లు. నైలానుకు ఎండే శత్రువు. వెలుతురు తగిలిన చోట లోపల్లోపలే పెళుసెక్కుతుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది. పైగా దానికి జ్ఞాపకం ఉంటుంది. ఇరుకు కండె మీద ఏడాది ఉంచితే చుట్టలు చుట్టలుగానే బయటికి వస్తుంది. తడిపి, బిగించి చుడితే ఆరినాక లోపలి వరసల్ని నొక్కేస్తుంది. అందుకే జేజినాయన ఏడాదికొకసారి, నీళ్లున్నా లేకపోయినా, దారమంతా విప్పి గోరువెచ్చటి నీళ్లలో తడిపి వేపచెట్టుకూ గుంజకూ సాగగట్టేవాడు. ఆరినాక రెండు వేళ్ల మధ్య పట్టి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాడు. గరుకు తగిలితే అక్కడికి కోసేయడమే. గాలం దగ్గరి రెండు బారలు ఎట్లున్నా కోసేసేవాడు. గాలాలకు ఆముదం పూసి బెండుకు గుచ్చేవాడు. పలకను దూదిలో చుట్టి మిద్దె ఇంట్లో చీకటి గూట్లో పెట్టేవాడు.

ఆ గూట్లో రెండు పలకలుండేవి. రెండోది ఆయన జతగాడిది. బోయల ఇంటాయన. ఆయనది బోద కొట్టం, ఎలుకలు, పొగ. మా మిద్దె చల్లన. అందుకని ఆయన దారం కూడా మా ఇంట్లోనే. ఇద్దరూ "మామా" అంటే "మామా" అనుకునేవాళ్లు. వల బెస్తవాళ్లది, గాలం ఎవరిదైనా. ఇంకోటి చెప్పాల. కోడి అయితే హలాల్ కొయ్యడానికి ఎవరినో పిలవాలి, ఎవరు కోశారనే ప్రశ్న వస్తుంది. చేపకు ఆ బాధ లేదు. కొయ్యకుండానే హలాల్. కట్ట మీదనే కాల్చుకుని ఇద్దరూ తినేవాళ్లు. పీర్ల పండక్కి ఇద్దరూ కలిసి గూగూడు పోయేవాళ్లు. మా జిల్లాలో హిందువుల ఇళ్లల్లో కుళ్లాయప్ప అనే పేరు ఎంతమందికుందో లెక్క తీయండి, తెలుస్తుంది.

1992 డిసెంబరు. నేను తొమ్మిదో తరగతి. అయోధ్యలో మసీదు పడిపోయిన వారం. పొద్దుగూకే వేళ ఆయన వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు. ఎప్పుడూ నేరుగా గూటి దాకా పోయే మనిషి.

"సాయిబూ, నా దారం ఇచ్చెయ్" అన్నాడు.

ఆ పిలుపు మా ఇంట్లో అదే మొదటిసారి.

"చెరువులో సుక్క నీళ్లు లేవు. ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు జేజినాయన.

"నాది నా దగ్గరే ఉండనీ."

ఎవరేం చెప్పి పంపారో మాకు తెలియలేదు. ఆయన మొహం చూస్తే తనే ఏదో తప్పు చేసినట్టుంది. జేజి కాఫీ పెడతానంది, వద్దన్నాడు. జేజినాయన పలక తెచ్చి ఊరికే చేతికి ఇయ్యలేదు. లాంతరు ముందు కూర్చుని మొత్తం విప్పాడు. వేళ్ల మధ్య నడిపించాడు. ఒకచోట గరుకుంటే కోసి ముడేశాడు. మళ్లీ ఎనిమిది అంకెలో చుట్టాడు. గంటసేపు పట్టింది. అంతసేపూ ఆయన వాకిట్లో నిలబడే ఉన్నాడు. కోపంగా విసిరేసి ఉంటే బాగుండునని నాకనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ చలికాలంలోనే ఊరికి దీన్ చెప్పేవాళ్లు వచ్చారు. ఉర్దూ రాదా, కలిమా సరిగా పలకవా, పీర్లను మొక్కుతావా, పేరు చివర అప్ప ఏంది అని జేజినాయనను నలుగురిలో నిలదీశారు. ఆయన తల వంచుకుని విన్నాడు. వాకిట్లో ఒకాయన సాయిబూ అన్నాడు, మసీదులో వీళ్లు నువ్వు సరైన సాయిబువు కాదన్నారు. మిత్రులారా, మా అస్తిత్వమంటే ఈ రెండు మాటల నడుమ నిలబడడమే. సర్కారు కాగితం మాత్రం తేలిగ్గా తేల్చేసింది. దూదేకుల, బీసీ-బి. తక్కిన ముస్లింలలో వెనకబడినవాళ్లకు 2007లో బీసీ-ఇ వచ్చింది. కాగితంలోనూ మా గది వేరే.

కొన్నేళ్లకు చెరువు నిండింది. ఊరంతా కట్ట మీదనే. ఆయనా వచ్చాడు, దూరంగా కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఆయన పలక కొట్టం బయట మేకుకు వేలాడింది, పడమటెండలో. కొరమీను పట్టింది. ఒక్క గుంజుకు దారం తెగింది. మళ్లీ ముడేశాడు, మళ్లీ తెగింది. మూడోసారి వేయకుండా ఊరికే కూర్చున్నాడు.

జేజినాయన లేచి పోయి తన పలక ఆయన చేతికిచ్చాడు. పలక నుంచి పలకకు దారం మార్చాలంటే ఇద్దరు కావాలి. ఒకరు తిప్పుతూ వదలాలి, ఇంకొకరు చుట్టాలి. ఒక్కడివల్ల మురి పడకుండా కాదు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఇరవై బారలు మారినాక జేజినాయన ఆగాడు.

"ఇంగో రెండు బారలు ఇడువు" అన్నాడాయన. మామా అనలేదు. సాయిబూ అనీ అనలేదు.

వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. విల్లు ఎప్పుడో పోయింది. స్పాంజి పరుపులూ, దూది ఏకే మిషన్లూ వచ్చినాక దాన్ని అడిగినవాడు లేడు. పలక ఒక్కటి నా దగ్గరుంది. టౌనులో అద్దె ఇంటి కోసం తిరిగేటప్పుడు పేరు వినగానే తలుపులేసిన ఇళ్లను లెక్క పెట్టుకుంటూ, ఇల్లు మారినప్పుడల్లా దాన్ని బట్టల మధ్య దాచి మోసుకొచ్చాను. 2021 నవంబరులో చిత్రావతి పొంగిందని విని పలక బయటికి తీశాను. దారం చూడ్డానికి బాగానే ఉంది. పట్టి లాగితే చేతిలోనే తెగింది. చీకట్లో పెట్టినా నైలానుకూ ఆయుష్షు ఉంటుంది కదా. మొత్తం కోసి పారేశాను, ఒక బార మాత్రం ఉంచుకున్నాను.

కొత్త దారం కొన్నాను, వంద మీటర్ల రీలు. నా కొడుకు రీల్లోకి పెన్సిలు దూర్చి రెండు చేతులా పట్టుకున్నాడు. నేను చుడుతున్నాను. వాడికి తొందర. రీలు నిలబెట్టి పైనుంచి లాగేస్తే అయిపోతుంది గదా అన్నాడు.

"తిప్పు. లాగొద్దు" అన్నాను.

గంటన్నర పట్టింది. గాలాలకు ఆముదం పూయడం మరిచిపోయాను. ఇంట్లో ఆముదం లేదు కూడా. రేపు తేవాలి.