ఆకాశంలో చుక్క పెట్టే కెమెరా

మా ఇంటి ఫొటోలు చూసేవాళ్ళు ఒకటి గమనించే ఉంటారు. ఆకాశం బాగా కనబడే ఫొటోల్లో కుడిపక్క పైన చిన్న నల్ల చుక్క ఉంటుంది. అది పక్షి కాదు. మా పాత కెనాన్ 1100డి సెన్సర్ మీది గాజుకి పడిన గంటు. ఆ కెమెరాని మొన్న బెంగళూరులో ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నాము. ఆ సంగతి ఇక్కడ రాసి పెడుతున్నాము.

1100డి 2011లో వచ్చిన మోడల్, 12 మెగాపిక్సెల్. మేము 2014లో ధర్మపురిలోనే ఒక స్టూడియో అన్న దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాము. డబ్బులు తీసుకోకముందే ఆయన తెల్లగోడని ఫొటో తీసి, చుక్క చూపించి, "అపర్చర్ చిన్నది చేస్తే ఇది కనబడుతుంది, తెలిసి కొనండి" అని తమిళంలో చెప్పినాడు. ఆ మాట మీదే నమ్మి కొన్నాము.

అప్పటినుంచి ఫొటోలు తీసేది, నోటుబుక్కులో వాటి వివరం రాసేది మా పని. మేము చదివింది కన్నడ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడిందే గానీ రాత అవ్వ దగ్గర పెద్దయినాక నేర్చుకున్నది. ఇప్పటికీ చెయ్యి మరిచి కన్నడ తలకట్టు పెట్టేస్తాము. అవ్వ కళ్ళద్దాలు పెట్టుకొని దిద్దుతుంది.

పోయిన ఆడి పదునెట్టుకి అందరం హొగేనకల్ పోయినాము. కన్నడంలో హొగె అంటే పొగ, కల్ అంటే రాయి. బడిలో చదివిన మాటలే. అయినా ఆ పొగ అంతా నీళ్ళ తుంపర అని కెమెరా బయటికి తీసేటప్పుడు తోచలేదు. అవ్వ కావేరమ్మకి పసుపు కుంకుమ ఇస్తుంటే అరగంట సేపు తీసినాము. తువ్వాలుతో పైపైన తుడిచి, తడితడిగానే సంచిలో పెట్టి జిప్పు వేసేసినాము. బ్యాటరీ తీసి గాలికి ఆరబెట్టి ఉండాల్సింది. తప్పు పూర్తిగా మాదే.

రెండు నెలలకి లెన్సు లోపల సాలెగూడు మాదిరి బూజు పట్టింది. మార్గళి వచ్చేసరికి షట్టర్ కూడా మొరాయించింది. అదీ ఎప్పుడూ కాదు. పొద్దున చలిలో ఇరవైసార్లకి ఒకసారి ఆగిపోతుంది. ఎండెక్కితే ఏ లోపమూ లేదు.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మాకు అన్నిటికన్నా తలనొప్పి ఇట్లాంటి బగ్గే. చూపించమంటే కనబడదు. "మా దగ్గర బాగానే ఉందే" అని డెవలపర్ మూసేస్తాడు, మేము పోట్లాడి మళ్ళీ తెరిపిస్తాము.

అమ్మేది మనమైనప్పుడు మాత్రం వేరే బుద్ధి పుట్టింది. "మధ్యాహ్నం పూట పోండి, వాళ్ళే చూసుకొని తీసుకుంటారు గదా" అన్నాడు చిన్నాయన. మాకూ ఆ మాట నచ్చింది. అవ్వ ఒత్తులు చేసుకుంటూనే, "ఆ స్టూడియో పిల్లోడు మనకి చుక్క చూపించినాడు. మీరేం చూపిస్తారు?" అంది. ఇంకేమీ అనలేదు.

మధ్యాహ్నమే పోయినాము. అంగడాయన టార్చి వేసి బూజు చూసి లెన్సు వద్దన్నాడు. బాడీ పట్టుకొని పదిసార్లు నొక్కినాడు. పదిసార్లూ పనిచేసింది. ఆరువేలు ఇస్తానన్నాడు. ఊరకుంటే అయిపోయేది. బిల్లు రాయబోతుంటే కన్నడంలో చెప్పేసినాము: చలిలో ఆగిపోతుంది, తుంపరలో తడిసింది, గంటు ఒకటి ఉంది అని. ఆయన కాసేపు మా మొహం చూసినాడు. "ఇట్లాంటివి కొత్తగా నేర్చుకునే పిల్లలే కొంటారు సార్. విడిభాగాలకి పెట్టుకుంటాను" అని పదిహేనువందలు రాసినాడు.

నాలుగున్నరవేలు తగ్గింది. కొత్తది ఆర్50, 2023లో వచ్చింది, 24 మెగాపిక్సెల్. దీనిది 2018లో మొదలైన ఆర్ఎఫ్ మౌంట్. మా దగ్గర మిగిలిన పాత 50 ఎంఎం లెన్సు 1987నాటి ఈఎఫ్ మౌంట్‌ది, అడాప్టర్ లేనిదే దీనికి ఎక్కదు. అవ్వ మొహం బాగా పడేది ఆ లెన్సులోనే. అడాప్టర్‌కి పెట్టుకున్న డబ్బు ఇట్ల పోయింది. వచ్చే జీతం దాకా ఆగాలి. చిన్నాయన ఇంకా సణుగుతానే ఉన్నాడు.

మీరూ ఇట్ల మార్చుకుంటే మెమరీ కార్డు మాత్రం ఇచ్చేయకండి. ఫార్మాట్ చేసినా అందులో ఫొటోలు మళ్ళీ బయటికి తీయొచ్చు. మా కార్డు అవ్వ పెట్టెలో ఉంది.

మొదటి ఫొటో మిద్దెమీద అవ్వదే తీసినాము, వెనక అంతా ఆకాశం. ఆమె చాలాసేపు చూసి, "చుక్క ఏదిరా?" అంది. లేదన్నాము. "అయితే నోటుబుక్కులో రాయండి, చూసేవాళ్ళకి తెలియాలి గదా" అంది. రాసినాము: ఇక్కడినుంచి కొత్త కెమెరా, చుక్క లేదు. అందులో రెండు తలకట్లు దిద్దింది.